కాలేజీ వాళ్లతో సింగపూర్ వెళ్తున్న అమ్మాయికి మొదటి రోజు ఎలా గడుస్తుంది?

చిత్తూరు నుంచి ఒక నాన్నగారు అడిగారు: డిగ్రీ చదివే కూతుర్ని కాలేజీ వాళ్లు సింగపూర్ తీసుకెళ్తున్నారట, ఇల్లు విడిచి ఎక్కడా ఉండని పిల్లట, మొదటి రోజు ఎలా ఉంటుందో చెప్పమన్నారు. నేను తిరుపతిలో లెక్చరర్‌ని. ఇలాంటి పిలకాయల గుంపుకు తోడుగా వెళ్లొచ్చాను కాబట్టి చెబుతున్నా.

ముందు ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన కాగితం తీసి చూడండి సార్. ‘డే 1: అరైవల్, బ్రేక్‌ఫాస్ట్, సిటీ టూర్, మెర్లయన్, గార్డెన్స్ బై ది బే, డిన్నర్’ అని ఉంటుంది. ఇంచుమించు అందరిదీ ఇదే. చదవడానికి బాగానే ఉంటుంది, అందులో నిద్ర ఒక్కటే ఉండదు.

రేణిగుంట నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం లేదు గనక చెన్నై పోవాల్సిందే. గుంపులకు ఎక్కువగా రాత్రి పదకొండు, పన్నెండు మధ్య బయల్దేరే విమానం తీస్తారు. దానికి మధ్యాహ్నమే బస్సెక్కాలి. పుత్తూరు దాకా అంత్యాక్షరి, నగరి దాటేసరికి పులిహోర పొట్లాలు ఖాళీ, తిరుత్తణి తర్వాత ట్రాఫిక్. విమానంలో కూర్చునేది నాలుగు గంటల పైచిలుకే. పిలకాయలకు అది మొదటి విమానం, కళ్లు మూయరు. దిగేసరికి అక్కడ పొద్దున ఆరు దాటుతుంది. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, మీ అమ్మాయి ఒంటికి అది తెల్లవారుజామున మూడున్నర. హోటల్ వాళ్లేమో గది మధ్యాహ్నం రెండుకో మూడుకో గానీ ఇవ్వరు. ఆ ఖాళీని పూడ్చడానికే సిటీ టూర్ పెడతారు. చూడాల్సిన ఊరని కాదు, కూర్చోబెట్టడానికి చోటు లేక!

మెర్లయన్ దగ్గర బస్సు ఆగితే మావాళ్లు సగం మంది దిగనే లేదు. అదొక విగ్రహం: సింహం తల, చేప ఒళ్లు, 8.6 మీటర్ల ఎత్తు, నోట్లోంచి నీళ్లు చిమ్ముతూ ఉంటుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ దాని ఫోటోనే స్టేటస్ పెట్టుకున్న పిల్ల ఒకతి, ‘మేడమ్, మీరే ఒక ఫోటో తీసి పంపండి, నేను ఇక్కడే ఉంటా’ అని కిటికీకి తలానించి పడుకుంది. నాకు కోపం రాలేదు, కుళ్లుకున్నా.

అందుకని కాలేజీ వాళ్లను మీరు అడగాల్సిన మొదటి మాట: పొద్దున దిగగానే మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని, రెండు గంటలు నడుం వాల్చడానికి గదులు ముందుగా ఇప్పిస్తారా? కొంత డబ్బు ఎక్కువవుతుంది. తలా కాస్త వేసుకున్నా సరే, ఆ డబ్బు దండగ కాదు. కుదరకపోతే అమ్మాయిల కోసం కనీసం ఒకటి రెండు గదులన్నా తీయమనండి.

సామాను విషయం. పవర్ బ్యాంకు చెకిన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి. ఇది అందరికీ చెప్పిందే, అయినా చెన్నైలో కౌంటర్ ముందు నేల మీద పెట్టెలు విప్పి మురుకుల డబ్బాల కింద చెయ్యి పెట్టి వెతికారు. ఆవకాయ సీసా దీనికి తిరగేసి, చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో వద్దు. పూజ చేసి ఇచ్చారని ఎండుకొబ్బరి చిప్పలు పెట్టెలో వేయకండి, నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకని చెకిన్ సామానులో తీసుకోరు. చూయింగ్ గమ్ ఇంట్లోనే పెట్టి పంపండి, 1992 నుంచి ఆ దేశంలోకి దిగుమతి నిషేధం.

సింగపూర్‌లో దిగేవాళ్లు ఇవ్వాల్సిన వివరాల ఫారం, అరైవల్ కార్డు అంటారు, ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు. సర్కారు వాళ్ల సైటులో అది ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే మూసేయండి. అక్కడి ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, అక్కడ ఉండటానికిచ్చే పాస్ ఈమెయిల్‌కు వస్తుంది. ముద్ర పడలేదని మావాళ్లు ఎంత చిన్నబుచ్చుకున్నారో! గేట్లలోంచి ఒక్కొక్కరే బయటపడతారు కాబట్టి గుంపు చెదిరేది అక్కడే. సామాను వచ్చే బెల్టు దగ్గర ఆగమని ముందే చెప్పి ఉంచండి. విమానాశ్రయం పక్కనే జ్యువెల్ అనే అద్దాల మాల్‌లో 40 మీటర్ల జలపాతం ఉంది. అంత పొద్దున నీళ్లు పడవు, తిరుగు ప్రయాణం రోజు చూసుకోవచ్చు.

తిండికి బెంగ వద్దు. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి కోమల విలాస్ ఉంది, ఇడ్లీ సాంబారు దొరుకుతుంది. అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి కూడా ఉంది, తిరుపతి నుంచి ఇంత దూరం వచ్చినా స్వామి వదల్లేదని నవ్వుకున్నాం. చిక్కు వేళతోనే. అక్కడ పన్నెండుకు భోజనం పెడితే మన కడుపుకు తొమ్మిదిన్నర, ఎవరూ సరిగ్గా తినరు. మూడింటికి ఆకలని గోల. సంచిలో వేరుశనగ ఉండలో, బిస్కెట్లో పెట్టండి. మెట్రో రైల్లో మాత్రం తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు, జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది.

గదిలో ప్లగ్గులకు మూడు చదరపు కాళ్లు, మన పిన్ను దూరదు. అడాప్టర్ ఒకటి, ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ఇచ్చి పంపితే గదిలో అందరి ఫోన్లూ గడుస్తాయి.

ఇక మీ ఫోన్. దిగగానే మాట్లాడాలని ఉంటుంది, కానీ ఆ వేళకు అందరి నాన్నలూ ఒక్కసారే చేస్తారు. వాట్సాప్ గ్రూపులో లెక్చరర్ పెట్టే ఒక్క మెసేజ్ చాలు. సాయంత్రం మన టైము ఏడు లోపల చేయండి. ఎనిమిదంటే అక్కడ పదిన్నర, ఫోన్ ఎత్తలేదని మీరు కంగారు పడతారు, అమ్మాయేమో బూట్లు కూడా విప్పకుండా పడుకుని ఉంటుంది.