తక్కువ తిరిగిన కారుకి టైమింగ్ బెల్ట్ మార్చాలా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. నాన్నగారు 2010లో కొన్న సాంత్రో జింగ్ ఉంది, పెట్రోలు బండి, 31 వేల కిలోమీటర్లే తిరిగింది, ఎక్కువ కాలం షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు అమ్మని నెలనెలా వైజాగ్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ టైమింగ్ బెల్ట్ మార్చేద్దాం అన్నాడు. మా మావయ్యేమో బానెట్ ఎత్తి చూసి, బెల్టు కొత్తదానిలా ఉంది, 31 వేలకి మార్చడమేటి, డబ్బులు లాగడానికే అంటున్నారు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: మార్పించేయండి, అదీ అమ్మగారిని తీసుకుని హైవే ఎక్కకముందే. మీ మెకానిక్ సరిగ్గానే చెప్పాడు. మావయ్యగారు చూసింది బహుశా ఆల్టర్నేటర్‌ని తిప్పే బయటి బెల్టు అయ్యుంటుంది, ఎందుకంటే టైమింగ్ బెల్ట్ బానెట్ ఎత్తగానే కనపడదు, ఇంజిన్ పక్కన కవరు లోపల ఉంటుంది, కవరు విప్పితేనే తెలుస్తుంది. విప్పి చూసినా పైకి బాగున్నంత మాత్రాన నమ్మడానికి లేదు, పగుళ్లేమీ లేకుండానే లోపలి దారాలు బలహీనపడిన బెల్టులు ఉంటాయి.

అది పళ్లున్న రబ్బరు బెల్టు, లోపల ఫైబర్ గ్లాస్ దారాలు. కింద పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, రెండు చుట్లు తిరిగేసరికి పైన గాలినీ పొగనీ వదిలే వాల్వుల్ని తెరిచే ఇరుసు, అంటే క్యామ్, సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా పట్టి ఉంచేది అదే. రబ్బరు నడిచినా నడవకపోయినా వేడికీ గాలికీ గట్టిపడిపోతుంది, షెడ్డులో మేకుకి తగిలించి వదిలేసిన సైకిల్ ట్యూబు కొన్నేళ్లకి ఎలా అయిపోతుందో మీరు చూసే ఉంటారు. అందుకే కంపెనీలు కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఇస్తాయి, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. ఇన్నేళ్లలో మీ బండికి ఒక్కసారీ మార్చకపోతే కిలోమీటర్ల సంగతి వదిలేయండి, ఏళ్ల లెక్కలో గడువు ఎప్పుడో దాటిపోయింది.

బెల్టు తెగితే క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకున్న వాల్వులు ఉన్నచోటే ఉండిపోతాయి, కింద నుంచి పిస్టన్లు వచ్చి వాటిని గుద్దుతాయి. వాల్వులు వంగిపోతే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్డు, దింపాలి, ఆ బిల్లు ముందు బెల్టు ఖర్చు ఏపాటిది! నాకు డబ్బుకన్నా ఎక్కువ భయం ఇంకోటి, రణస్థలం దాటాక లారీల మధ్య ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతే పవర్ స్టీరింగ్ బిగిసిపోతుంది, రెండు మూడు సార్లు తొక్కాక బ్రేకు కూడా రాయిలా అయిపోతుంది, పక్కన అమ్మగారు ఉంటారు. దయచేసి ఆ రిస్కు తీసుకోకండి.

పక్కింటి కారుకి మార్చలేదు కదా అని పోల్చుకోవద్దు, కొన్ని ఇంజిన్లకి బెల్టు కాదు చైను ఉంటుంది. అదే హ్యుందాయ్ కంపెనీ ఐ10లో 1.1 ఇంజిన్‌కి బెల్టు, కప్పా అనే 1.2 ఇంజిన్‌కి చైను.

ఒక్క బెల్టే వేసి ఊరుకోనివ్వకండి, బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగు కూడా అదే వయసుది, అది పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు కారుతున్నాయేమో చూడమనండి, ఆయిల్ తగిలితే రబ్బరు మెత్తబడిపోతుంది, విప్పినప్పుడే మార్చేస్తే మళ్లీ కూలీ పడదు. వాటర్ పంపు కూడా అప్పుడే చూపించండి. 2018లో తిత్లీ తుఫానప్పుడు బండి ఆ షెడ్డులోనే ఉండి నీళ్లు చేరి ఉంటే ఆ మాట మెకానిక్‌కి ముందే చెప్పండి, కవరు లోపల మట్టి, తుప్పు ఉన్నాయేమో వెతుకుతాడు. ఎలకలు దూరాయేమో కూడా చూడాలి, నిలబెట్టిన బండ్లకి అది మామూలే.

కంపెనీ పార్టే తీసుకోండి, టెక్కలిలో దొరక్కపోతే శ్రీకాకుళం నుంచో వైజాగ్ నుంచో తెప్పించుకోండి, రెండ్రోజులు ఆలస్యమైనా పర్లేదు. బెల్టు వేశాక సెల్ఫ్ కొట్టే ముందు క్రాంక్‌ని స్పానరుతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి, క్రాంక్, క్యామ్ చక్రాల మీది మార్కులు మళ్లీ వాటి గుర్తులకి ఎదురుగా వచ్చాయో లేదో దగ్గరుండి చూడండి, బెల్టు ఒక్క పన్ను తప్పినా ఇంజిన్ సరిగ్గా నడవదు. మార్చిన తేదీ, మీటరు రీడింగు స్టిక్కరు మీద రాసి కవరుకి అంటించమనండి. అప్పటిదాకా వైజాగ్‌కి టాక్సీ మాట్లాడుకోండి.