ఏ గడిలోనూ రెండు గీతలు పడకపోతే సమతుల్యం లేనట్టేనా?

లేనట్టు కాదు. ఆటల సిద్ధాంతం (గేమ్ థియరీ)లో సమతుల్యం అంటే, ఎవరూ తామొక్కరే ఆట తీరు మార్చి లాభపడలేని స్థితి. దాన్ని వెతకడానికి, అవతలివాడి ప్రతి ఎత్తుకీ మేలైన జవాబు ఇచ్చే ఫలితం కింద గీత గీస్తాం; ఒకే గడిలో రెండు గీతలూ పడితే అది సమతుల్యం. ముందు మీ ఆట పట్టిక మళ్ళీ రాస్తాను. మొదటివాడి ఎత్తులు పై, కింద. రెండోవాడివి ఎడమ, కుడి. పై-ఎడమ: 3, 1. పై-కుడి: 0, 2. కింద-ఎడమ: 1, 2. కింద-కుడి: 2, 0. ప్రతి గడిలో ముందున్నది మొదటివాడి ఫలితం.

గీతలు మీరు సరిగ్గానే గీశారు. ఎడమకి జవాబు పై, పైకి జవాబు కుడి, కుడికి కింద, కిందకి మళ్ళీ ఎడమ. ఇలా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏ గడీ నిలవదు. అయినా, ఆటగాళ్ళూ ఎత్తులూ పరిమితంగా ఉన్న ప్రతి ఆటలోనూ కనీసం ఒక సమతుల్యం ఉంటుందని గణితవేత్త జాన్ నాష్ 1950లో నిరూపించాడు. కాకపోతే అది మిశ్రమ వ్యూహాల్లో దొరకవచ్చు, అంటే ఎత్తులను ఫలానా సంభావ్యతతో కలిపి ఆడటంలో.

మొదటివాడు పై ఆడే సంభావ్యత ‘ప’ అనుకోండి. రెండోవాడికి ఎడమ వల్ల వచ్చేది 1×ప + 2×(1−ప), అంటే 2−ప. కుడి వల్ల 2ప. ఒకటి మేలైతే రెండోవాడు అదే ఆడతాడు, కలిపి ఆడడు; అందుకే రెండూ సమానం కావాలి. సమానం చేస్తే ప = 2/3. ఇప్పుడు రెండోవాడు ఎడమ ఆడే సంభావ్యత ‘ఎ’. మొదటివాడికి పై వల్ల 3ఎ, కింద వల్ల ఎ + 2(1−ఎ), అంటే 2−ఎ. కాబట్టి ఎ = 1/2. సరిచూడటానికి: మొదటివాడికి ఏది ఆడినా సగటున 3/2, రెండోవాడికి 4/3.

ఎక్కువమంది బోల్తా పడేది ఎవరి అంకెలు వాడాలన్న దగ్గరే. మొదటివాడి సంభావ్యత తేలేది రెండోవాడి ఫలితాల నుంచి, రెండోవాడిది మొదటివాడి ఫలితాల నుంచి. నమ్మబుద్ధి కాకపోతే పై-ఎడమలోని 3ను 5 చేసి చూడండి. ఫలితం పెరిగింది మొదటివాడికే అయినా ‘ప’ 2/3 దగ్గరే ఉంటుంది. మారేది ‘ఎ’: 5ఎ = 2−ఎ, అంటే 1/3. ఎడమ మొదటివాడికి మరీ లాభమైంది గనక రెండోవాడు దాన్ని తక్కువగా ఆడితేగానీ మొదటివాడు రెండు ఎత్తుల మధ్య ఊగడు.

సంభావ్యత 0 కంటే తక్కువో 1 కంటే ఎక్కువో వస్తే, కూడికల్లో తప్పు లేదనుకుంటే, ఎవరికో ఒక ఎత్తు ఎప్పుడూ మేలన్నమాట. సమీకరణం పక్కన పెట్టి గీతలకే తిరిగి వెళ్ళండి. రెండు గడుల్లో జంట గీతలు పడినప్పుడు మాత్రం అక్కడితో ఆపకండి: ఫలితాల్లో సమానాలు లేకపోతే మూడోది, మిశ్రమ సమతుల్యం, తప్పకుండా ఉంటుంది. అదీ ఇదే లెక్కతో వస్తుంది.