నేను రోజూ వినే గొంతు: పి.బి. శ్రీనివాస్

"మనల్ని వదిలి వెళ్లిపోయిన గాయకుల్లో మీకు బాగా ఇష్టమైనవారు ఎవరు? వాళ్ల పాటల్లో ఏవి వింటారు?" అని అడిగారు కదా. ఘంటసాల గారనో బాలు గారనో చెప్పడం ఎవరికైనా సహజం. నాకూ వాళ్లంటే ప్రాణమే. కానీ పొద్దున్నే లేచి నేను పెట్టుకునేది మాత్రం పి.బి. శ్రీనివాస్ గారి పాట. అది మా నాన్న నుంచి వచ్చిన అలవాటు.

మాది కాకినాడ దగ్గర పెద్దాపురం. నాన్న స్కూల్లో క్లర్కు. రోజూ ఏడున్నరకి పెరట్లో, జామచెట్టుకి మేకు కొట్టి తగిలించిన అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకునేవారు. బ్రష్షుతో నురగ పట్టిస్తూ "ఓహో గులాబి బాలా" అని ఎత్తుకునేవారు. ఎడమ బుగ్గ అయ్యేసరికి పల్లవి పూర్తయ్యేది. మీసం దగ్గరికి బ్లేడు వచ్చినప్పుడు పెదవులు బిగబట్టాలి కాబట్టి అక్కడ మాటలు ఆగిపోయేవి, రాగం మాత్రం ముక్కుతో సాగేది. చిన్నప్పుడు ఆ పాటలో అక్కడ నిజంగానే మాటలుండవని అనుకునేదాన్ని. తర్వాత ఎప్పుడో రేడియోలో విన్నప్పుడు, నాన్న వదిలేసిన చోట కూడా మాటలున్నాయని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఆ పాట 1964లో వచ్చిన 'మంచి మనిషి' సినిమాలోది. పల్లవి చివర "తెలుసుకో, తెలుసుకో" అని రెండుసార్లు వస్తుంది. అది హెచ్చరికే గానీ, ఆయన గొంతులో గద్దింపు ఎక్కడా ఉండదు. పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నట్టు ఉంటుంది. ఆయన పాటల్లో నన్ను కట్టిపడేసేది అదే. గొంతు పెంచకుండానే మనసులో మాట చెప్పేస్తారు. రాగాన్ని మెలికలు తిప్పే పెద్ద సంగతులు వేసి మెప్పించాలన్న తొందర ఉండదు. ఆ మంద్రంలో పలికే మాట ఎంత స్పష్టంగా ఉంటుందో, వంటింట్లో కుక్కరు కూతల మధ్య విన్నా ఒక్క అక్షరం పోదు.

ఆయన పుట్టింది 1930 సెప్టెంబరు 22న, కాకినాడలో. అందుకే నాన్నకి ఆయన "మనూరి వాడు". బి.కాం. చదివి, వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారి అండతో మద్రాసు జెమినీ స్టూడియోలో అడుగుపెట్టారు. తెలుగులో అప్పటికే ఘంటసాల గారు శిఖరంలా ఉన్నారు కాబట్టి ఈయనకి దక్కిన పాటలు తక్కువే. దక్కినవాటిలో మాత్రం ఆణిముత్యాలున్నాయి.

నేను ఆయన విలువ సరిగ్గా తెలుసుకున్నది బెంగళూరు వెళ్లాకే. రాజాజీనగర్‌లో మేం పైన వాటాలో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటి ఓనరు, అప్పటికే డెబ్బై దాటిన మనిషి. రోజూ పూజ టైంలో ఆయన గదిలోంచి "బాగిలను తెరెదు" అనే కన్నడ పాట వినిపించేది. 1960 నాటి 'భక్త కనకదాస'లోది. గుడి తలుపు తెరవమని భక్తుడు వేడుకునే పాట. నాకు కన్నడం రాని రోజులు. అయినా ఆ గొంతు వినగానే మెట్ల మీద నిలబడిపోయాను. మర్నాడు ఆయన్ని అడిగాను, "అంకుల్, ఇది మా పి.బి. శ్రీనివాస్ గారే కదా?" అని. ఆయన నొచ్చుకున్నారు. "మీ శ్రీనివాస్ ఏంటమ్మా, ఆయన మా రాజ్‌కుమార్ గొంతు" అన్నారు. కన్నడ హీరో రాజ్‌కుమార్‌కి తెర వెనక పాడింది ఈయనే మరి. కాకినాడలో పుట్టారని చెబితే చాలాసేపు నమ్మలేదు.

"నేను వట్టి శరీరం, శారీరం (అంటే గాత్రం) శ్రీనివాస్‌దే" అని రాజ్‌కుమార్ అనేవారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1974లో 'సంపత్తిగె సవాల్'లో రాజ్‌కుమార్ తన పాట తానే పాడుకున్నారు. అప్పట్నుంచి ఈయనకి ఆ అవకాశాలు మెల్లగా తగ్గాయి. ఆఫీసులో ఒక తమిళ స్నేహితురాలు ఉండేది. ఆమె లెక్కలో శ్రీనివాస్ గారు తమిళ హీరో జెమినీ గణేశన్ గొంతు. 'పావ మన్నిప్పు'లోని "కాలంగళిల్ అవళ్ వసంతం" తను లంచ్ టైంలో పాడి వినిపించింది. ఒకే మనిషిని మూడు భాషలవాళ్లం మావాడంటే మావాడని పోట్లాడుకున్నాం. ఇంతకంటే మంచి పోట్లాట నేను ఇంకోటి చూడలేదు.

ఇక నాకిష్టమైనవి. 'లేత మనసులు'లో సుశీల గారితో కలిసి పాడిన "అందాల ఓ చిలకా". 'ప్రేమించి చూడు'లో "వెన్నెల రేయి ఎంతో చలీ చలీ". ఆయన మెత్తగానే పాడగలరని ఎవరైనా అంటే అదే సినిమాలోని "మేడ మీద మేడ కట్టి" వినిపించండి, ఎంత హుషారు ఉందో తెలుస్తుంది. 'జయభేరి'లో కల్యాణి రాగంలో "మది శారదాదేవి మందిరమే" ఉంది కదా, అందులో ఘంటసాల, రఘునాథ్ పాణిగ్రాహిలతో కలిసి పాడిన మూడో గొంతు ఈయనదే. ఈ విషయం తెలిసినవాళ్లు తక్కువ. తెలిశాక మాత్రం మళ్లీ వినకుండా ఉండలేరు.

చెన్నైలో కెథడ్రల్ రోడ్డు మీద ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్ హోటల్ ఉండేది. తలపై టోపీ, జేబు నిండా రంగురంగుల పెన్నులతో ఆయన అక్కడ కూర్చుని రకరకాల భాషల్లో కవిత్వం రాసుకునేవారట. నేను 2011లో వెళ్లేసరికి హోటల్ లేదు, ఆ స్థలంలో పార్కు వచ్చింది. ఒక బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

2013 ఏప్రిల్ 14, ఆదివారం. సాయంత్రం ఓనరు అంకుల్ మెట్లెక్కి పైకొచ్చారు. మోకాళ్ల నొప్పులతో ఆయన అంతకుముందు ఎప్పుడూ పైకి రాలేదు. గుమ్మంలో నిలబడి "పిబిఎస్ హోగ్బిట్రు" అన్నారు. వెళ్లిపోయారని. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత నాన్నకి ఫోన్ చేశాను. వార్త ఆయనకి అప్పటికే తెలుసు. "ఎనభై రెండేళ్లు బతికారమ్మా, హాయిగా వెళ్లారు" అని, కొంచెం ఆగి, "ఆ పాట ఒకసారి పెట్టు, ఇక్కడ కరెంటు లేదు" అన్నారు. ఫోను స్పీకరు దగ్గర పెట్టాను. ఓనరు అంకుల్ కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

నాన్న పోయి ఇప్పటికి నాలుగేళ్లు. ఆ పాట ఇప్పుడు రోజూ వింటున్నాను. పల్లవిలో, మొదటి చరణంలో నాకు నాన్న గొంతే వినిపిస్తుంది. రెండో చరణం మాత్రం పూర్తిగా శ్రీనివాస్ గారిదే. అక్కడికి వచ్చేలోపు నాన్న గడ్డం గీసుకోవడం అయిపోయి మొహం కడుక్కునేవారు.