గడప లోపల, గడప బయట

చిన్నా,

వచ్చే శనివారం మీ రూమ్మేట్ పుట్టినరోజని, ఇర్వింగ్‌లో మీ అపార్ట్‌మెంట్‌కి పాతికమంది దాకా వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. తాగొద్దని ఆవిడ నీకు ఎలాగూ చెప్తూనే ఉంటుంది, నేను మళ్ళీ చెప్పను. ఆ రాత్రి పోలీసులు వచ్చి తలుపు కొడితే ఏం చెయ్యాలో మాత్రం చెప్తాను. టెక్సస్‌లో ఇన్నేళ్ళుగా ఉండి, ఈ సంగతి తెలియక మనవాళ్ళు పడ్డ పాట్లు చూశాను. అందులో ఒకటి మా ఇంట్లోనే జరిగింది.

1999లో మేం ఐదుగురం ఒక రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. రెండో అంతస్తు, బయట ఇనప రెయిలింగు ఉన్న పొడుగాటి కారిడారు. ఒక శుక్రవారం రాత్రి పార్టీ చేసుకున్నాం. మాలో ఒంగోలు కుర్రాడొకడు అమ్మకి ఫోన్ చేశాడు. అక్కడ తెల్లారింది కదా, ఆవిడ లేచే వేళ. లోపల గోలకి మాట వినపడక కార్డ్‌లెస్ ఫోన్ పట్టుకుని కారిడార్‌లోకి వెళ్ళాడు. లుంగీ, ఒట్టి కాళ్ళు, ఒక చెయ్యి రెయిలింగు మీద. సరిగ్గా అప్పుడే, ఎవరో గోలగా ఉందని ఫిర్యాదు చేస్తే వచ్చిన పోలీసులిద్దరు మెట్లెక్కి వచ్చారు. టార్చి వాడి మొహం మీద పడింది. వాడు తూలాడు. రెండు నిమిషాల్లో చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. ఫోన్ కింద పడిపోయింది. కాలింగ్ కార్డులో నిమిషాలింకా ఉన్నాయి, లైను తెగలేదు. నేను వంగి తీసేసరికి "ఒరేయ్, ఏమైందిరా, మాట్లాడవేం" అని ఆవిడ గొంతు. ఏం చెప్పాలో తోచక "ఏం లేదమ్మా, సిగ్నల్ పోయింది" అని పెట్టేశాను. ఆ అబద్ధం నాకిప్పటికీ గుర్తొస్తుంది.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా పెద్ద పొరపాటు. ఒక ఆఫీసరు "ఒక్క నిమిషం లోపలికి రావచ్చా" అని మర్యాదగా అడిగాడు. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టే అలవాటు మనకెక్కడిది? "రండి సర్" అని పక్కకి జరిగాను. సోఫా మీది పేపర్లు కూడా తీశాను, కూచుంటాడేమోనని. ఆయన కూచోలేదు. వంటింటి గట్టు దగ్గర బీరు సీసాతో నిలబడ్డ మా ఇరవయ్యేళ్ళవాడి దగ్గరికి నేరుగా వెళ్ళాడు. ఇక్కడ 21 నిండితేనే తాగాలి. వాడికో కేసు. దాన్ని ఇంట్లోకి తెచ్చింది ఆ ఆఫీసరు కాదు, నేను.

ఇప్పుడు చట్టం సంగతి. టెక్సస్ పీనల్ కోడ్‌లో, అంటే ఇక్కడి శిక్షాస్మృతిలో, బహిరంగ ప్రదేశంలో మత్తులో ఉండటం గురించి 49.02 సెక్షన్ ఉంది. తాగి బయట కనపడటం ఒక్కటే నేరం కాదు, తనకో ఇంకొకరికో ప్రమాదం తెచ్చిపెట్టేంత మత్తులో ఉండాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రమాదం ఉందా లేదా అని అక్కడికక్కడ తేల్చేది ఎదురుగా ఉన్న పోలీసే. ఊదించి చూడాల్సిన పని కూడా లేదు. వాసన, ఎర్రబడ్డ కళ్ళు, ముద్దగా వచ్చే మాట, తూలుడు, ఇవి రాసుకుంటే చాలు. మావాడి విషయంలో రెండో అంతస్తు రెయిలింగు మీద నుంచి పడిపోవచ్చని రాశారు.

దీనికి శిక్ష 500 డాలర్ల లోపు జరిమానా, అంతే. మరి జరిమానా నేరానికి బేడీలెందుకు అని నువ్వడుగుతావు. లాగో విస్టా అని ఇదే టెక్సస్‌లో చిన్న ఊరు. పిల్లలతో వెళ్తున్న ఒక తల్లిని సీటు బెల్టు పెట్టుకోలేదని అరెస్టు చేశారు. ఆ తప్పుకి జరిమానా 50 డాలర్లకి మించదు. సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2001లో, జరిమానాతో పోయే నేరానికైనా అరెస్టు చెల్లుతుందని 5–4 తేడాతో తీర్పొచ్చింది. నాకా తీర్పు నచ్చదు, కానీ ఇవాళ్టికీ అదే నడుస్తోంది. అందుకే "ఫైనేగా" అనుకుని ధీమాగా ఉండకు. ఆ రాత్రి నిన్ను జైల్లో పెట్టొచ్చు.

బహిరంగ ప్రదేశం అంటే రోడ్డొక్కటే అనుకోకు. అపార్ట్‌మెంట్లలో అందరూ తిరిగే చోట్లన్నీ బహిరంగ ప్రదేశాలేనని అదే కోడ్‌లో స్పష్టంగా రాసి ఉంది. మీ కారిడారు, మెట్లు, పార్కింగ్ లాటు, స్విమ్మింగ్ పూల్ గట్టు, అన్నీ బయటే. లైసెన్సున్న బారు కూడా అంతే. 2006లో మీ ఇర్వింగ్‌లోనే మద్యం నియంత్రణ కమిషన్ ఏజెంట్లు బార్లలోకి వెళ్ళి, కూచుని తాగుతున్నవాళ్ళని ఇదే సెక్షన్ కింద అరెస్టు చేశారు. దేశమంతా గొడవైంది, ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. సెక్షన్ మాత్రం మారలేదు.

కాబట్టి మీ తలుపు దగ్గర ఉన్న ఆ నాలుగంగుళాల చెక్కే అసలు హద్దు. మన ఊళ్ళో అమ్మమ్మ గడపకి పసుపు రాసి, దాని మీద కాలు పెట్టనిచ్చేది కాదు, గుర్తుందా? ఈ దేశపు రాజ్యాంగంలో నాలుగో సవరణ కూడా గడపని అంత గట్టిగానే పట్టించుకుంటుంది. వారెంట్ లేకుండా మామూలు అరెస్టు కోసం ఇంట్లోకి రాకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనకి బాగా దగ్గరగా ఉండే కేసు 1984ది. విస్కాన్సిన్‌లో వెల్ష్ అనే ఆయన వానలో కారు పొలంలోకి పోనిచ్చి, దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. పోలీసులు వచ్చి తలుపు కొడితే సవతి కూతురు తీసింది. వాళ్ళు మేడ మీదికి వెళ్ళి, మంచం మీద బట్టల్లేకుండా పడుకున్నవాణ్ణి పట్టుకొచ్చారు. అక్కడ మొదటిసారి తాగి నడిపితే జైలు లేదు, జరిమానాయే. అంత చిన్నదానికి రాత్రిపూట వారెంట్ లేకుండా ఇంట్లో జొరబడటం చెల్లదని కోర్టు తేల్చింది. మళ్ళీ 2021లో కాలిఫోర్నియా కేసు. ఒకాయన గట్టిగా పాటలు పెట్టుకుని, హారన్ కొడుతూ ఇంటికొచ్చి గరాజ్‌లోకి పోనిచ్చాడు. వెనకే వచ్చిన ఆఫీసరు, మూసుకుంటున్న గరాజ్ తలుపు కింద కాలు పెట్టి ఆపి లోపలికి వెళ్ళాడు. చిన్న నేరం చేసినవాడు ఇంట్లోకి వెళ్ళిపోయాడన్న ఒక్క కారణంతో ప్రతిసారీ వెంటపడి వెళ్ళడం కుదరదు, వేరే అత్యవసరం ఉండాలి అంది కోర్టు.

అత్యవసరం అంటే ఏమిటో కూడా తెలుసుకో. యూటాలో తెల్లవారుజామున మూడింటికి ఒక పార్టీ ఇంటికి గోల ఫిర్యాదు మీద పోలీసులు వెళ్ళారు. కిటికీలోంచి చూస్తే లోపల కొట్లాట, దెబ్బ తిన్నవాడు సింకులోకి నెత్తురు ఉమ్ముతున్నాడు. వారెంట్ లేకుండా వెళ్ళారు, అది సరైనదేనని 2006లో సుప్రీంకోర్టు జడ్జిలు తొమ్మిదిమందీ ఒక్క మాట మీద చెప్పారు. నేనైనా అదే అంటాను.

శనివారం ఏం చేస్తావంటే, ముందు ఒకణ్ణి తాగకుండా ఉంచండి. నువ్వే ఉంటే నాకింకా సంతోషం. తలుపు దగ్గరికి వెళ్ళేది వాడే. ఇంకో లాభం కూడా ఉంది. తాగినవాణ్ణి జైలుకి పంపకుండా, బాధ్యతగా చూసుకునే పెద్దమనిషికి అప్పగించే వెసులుబాటు టెక్సస్ చట్టం పోలీసుకి ఇచ్చింది. 1999లో మా ఐదుగురిలో ఒక్కడు తాగకుండా ఉన్నా మావాడు ఆ రాత్రి ఇంట్లోనే పడుకునేవాడేమో.

తలుపు చప్పుడైతే పాటలు ఆపు. తలుపు తియ్యకుండానే మాట్లాడొచ్చు. తీసి తీరాలన్న రూలు లేదు, మాట్లాడి తీరాలనీ లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి అరెస్టు విషయంలో బయట ఉన్నట్టే లెక్క అని 1976 నాటి తీర్పొకటి ఉంది, అందుకే సగం తలుపు తీసి గుమ్మంలో నిలబడొద్దు. గోల గురించి వచ్చారంటే "సారీ ఆఫీసర్, తగ్గించేశాం" అని నిజంగానే తగ్గించు. హెచ్చరించాక కూడా 85 డెసిబెల్స్ దాటితే అది వేరే నేరం. "బయటికి రా, మాట్లాడదాం" అంటే, తాగినవాళ్ళెవరూ కదలకూడదు. పెద్దవాళ్ళు పిలిస్తే లేచి వెళ్ళడం మనకి ఒంట్లో ఉంది, అక్కడే దొరికిపోతాం. "లోపలికి రావచ్చా" అంటే "వారెంట్ ఉందా సర్? లేకపోతే ఐ డు నాట్ కన్సెంట్" అని మెల్లగా, గొంతు పెంచకుండా చెప్పు. రూమ్మేట్లందరికీ ముందే చెప్పి ఉంచు. ఒకడు రమ్మన్నా, పక్కనే నిలబడ్డ ఇంకొకడు వద్దంటే ఆ రమ్మన్న మాట చెల్లదని 2006 తీర్పు. కానీ వద్దనేవాడు అక్కడ ఉండి, నోటితో అనాలి.

అయినా తోసుకొస్తే అడ్డం నిలబడొద్దు, నీ చెయ్యి వాళ్ళకి తగలనివ్వొద్దు. అరెస్టు తప్పే అయినా దాన్ని ప్రతిఘటించడం ఇక్కడ విడి నేరం, మొదటిదానికంటే చాలా పెద్దది. "నేను ఒప్పుకోలేదు" అని ఒక్కసారి చెప్పి చేతులు కనపడేలా పెట్టుకో. మిగతాది లాయరు జడ్జి ముందు చూసుకుంటాడు.

ఒక్కచోట మాత్రం ఇప్పటిదాకా చెప్పిందంతా పక్కన పెట్టు. ఎవరైనా పిలిస్తే పలక్కుండా, ఊపిరి బాగా నెమ్మదిగా, ఆగి ఆగి తీస్తూ, చల్లబడి ఉంటే వెంటనే 911 కొట్టి తలుపు బార్లా తెరువు. పక్కకి తిప్పి పడుకోబెట్టు, వాంతి గొంతుకి అడ్డం పడకుండా. 21 నిండనివాళ్ళు కూడా భయపడక్కర్లేదు. ప్రాణం మీదికి వచ్చిందని ముందుగా ఫోన్ చేసి, అక్కడే ఉండి సహకరించినవాడి మీద తాగినందుకు కేసు ఉండదని టెక్సస్ చట్టంలోనే ఉంది. పోలీసులకి జంకి, "పొద్దున్నకి తేరుకుంటాడులే" అని దుప్పటి కప్పి వదిలెయ్యడం కంటే ఘోరం ఇంకోటి లేదు. అలా వదిలేస్తే నేను నిన్ను క్షమించను.

ఎవరినైనా తీసుకెళ్తే, అరెస్టయినవాడు పేరు, అడ్రసు, పుట్టిన తేదీ నిజం చెప్పాలి. దాటవేస్తే అదీ నేరమే. ఎంత తాగావు, ఎవరు పోశారు లాంటివాటికి జవాబు అక్కర్లేదు, "లాయరు కావాలి" అంటే చాలు. హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌కి తెలియజేయమని అడగొచ్చు. పొద్దున్నే వదిలేశాక మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది: పీడ వదిలిపోతుందని ఆ జరిమానా ఆన్‌లైన్‌లో కట్టేస్తారు. కట్టడమంటే కేసుని వాదించకుండా ఒప్పేసుకున్నట్టు. ముందు లాయరుని కలవాలి. షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేసే పద్ధతి మున్సిపల్ కోర్టుల్లో ఉంది. వీసా ఫారంలో మాత్రం ఎప్పుడైనా అరెస్టయ్యావా అన్న ప్రశ్న ఉంటుంది, కేసు కొట్టేసినా సరే. మా ఒంగోలువాడు వీసా స్టాంపింగ్‌కి చెన్నై వెళ్ళినప్పుడు కోర్టు కాగితాల నకళ్ళు పట్టుకుని కిటికీ ముందు వివరించుకోవాల్సి వచ్చింది. నిజం చెప్పాడు, వీసా వచ్చింది. దాచి ఉంటే ఏమయ్యేదో.

ఎవరూ కారు తాళాలు ముట్టుకోకూడదు. తాగి నడిపి పట్టుబడితే, కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేస్తారు ఈమధ్య. వచ్చినవాళ్ళని అక్కడే పడుకోనివ్వండి. దుప్పట్లు చాలకపోతే శుక్రవారం సాయంత్రం పిన్ని తెచ్చిస్తానంది. లాయరు నంబరు ఒక కాగితం మీద రాసి ఆవిడతో పంపిస్తాను, ఫోన్ లాక్కుంటే పనికొస్తుంది, తలుపు వెనక అంటించు. శనివారం రాత్రి నా ఫోన్ తలగడ పక్కనే ఉంటుంది.

మీ బాబాయి