‘అన్‌క్యారెక్టరిస్టిక్’ను ఎక్కడ ఒత్తి పలకాలి?

‘అన్‌క్యారెక్టరిస్టిక్’ అనే ఇంగ్లిష్ విశేషణంలో 6 సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) ఉన్నాయి: అన్-క్యా-రెక్-ట-రిస్-టిక్. ప్రధాన ఊనిక, అంటే అన్నిటికన్నా గట్టిగా ఒత్తి పలికే బలం, అయిదోదైన ‘రిస్’ మీద పడుతుంది. దీనికి కారణం చివరనున్న ‘ఇక్’. అది చేరిన మాటల్లో ఊనిక సాధారణంగా దాని ముందరి సిలబుల్‌కి జరుగుతుంది. అందుకే ‘క్యారెక్టర్’లో ‘క్యా’ మీదున్న బరువు ఇక్కడ ‘రిస్’కి వెళ్లింది; ‘క్యా’కి తేలికపాటి ఊనిక మిగిలింది. ముందున్న ‘అన్’ అర్థాన్ని తిరగేస్తుందే గానీ ప్రధాన ఊనికను కదపదు.

‘ఎకానమీ’లో ‘కా’ను ఒత్తుతాం, ‘ఎకనామిక్’లో ‘నా’ను. ‘అరబిక్’ లాంటి కొన్ని మాటలు మాత్రం ఈ సూత్రానికి లొంగవు.

పొడవాటి మాటలో ప్రతి సిలబుల్‌నీ సమానంగా, స్పష్టంగా పలకడమే సరైన ఉచ్చారణ అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇక్కడ ‘ట’ దాదాపు మింగేసినట్టే వినిపించాలి.