ఇంటి కంప్యూటర్‌లో పెత్తనం ఎవరికి?

ప్రశ్న: మాది అంబాజీపేట. మావారిది కొబ్బరి వ్యాపారం. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. పగలు మావారు లారీల లెక్కలు, బిల్లులు చూసుకుంటారు. సాయంత్రం ఇంటర్ చదివే మా అబ్బాయి కూర్చుంటాడు. వాడు ఉచితంగా దొరికిందని ఏదో ఆట ఎక్కించాడు. అప్పటి నుంచి బ్రౌజర్ తెరిస్తే చాలు, తెలియని పేజీలు, ప్రకటనలు. బాగుచేయించాం, మళ్లీ అదే వరస. మావారు వాడిని కంప్యూటర్ ముట్టుకోవద్దంటున్నారు. వాడికి వేరే ఖాతా పెట్టి హక్కులు తగ్గిస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. నిజమేనా?
— ఒక గృహిణి, అంబాజీపేట

జవాబు: సగం నిజం, అమ్మా. అబ్బాయికి వేరే ఖాతా తప్పకుండా పెట్టండి. కానీ ముందు హక్కులు తగ్గించాల్సింది మీవారి ఖాతాకు. ఆయన మీద అనుమానంతో చెప్పడం లేదు. ముక్కూ మొహం తెలియని బేరగాళ్ల నుంచి ‘బిల్లు’, ‘ఆర్డరు’ అంటూ ఫైళ్లు వచ్చేది ఆయనకే. వ్యాపారం కాబట్టి ఆయన వాటిని తెరవక తప్పదు. అబ్బాయి ఆటకన్నా నాకు ఆ ఫైళ్లంటేనే ఎక్కువ భయం.

కొత్త కంప్యూటర్‌లో మొదట సృష్టించే ఖాతాకు విండోస్ అడ్మినిస్ట్రేటర్ హోదా, అంటే యంత్రం మీద పూర్తి పెత్తనం, ఇస్తుంది. చాలా ఇళ్లలో అందరూ ఆ ఒక్క ఖాతాతోనే కాలం గడుపుతారు. అందులో ఏదైనా ప్రోగ్రామ్ పెద్ద మార్పు చేయబోతే ‘ఎస్’, ‘నో’ అని ఒక పెట్టె వస్తుంది. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టాతో ఈ పద్ధతి మొదలైంది. రోజూ చూసే పెట్టె కాబట్టి చదవకుండానే చేయి ‘ఎస్’ మీదకు పోతుంది. అదే హక్కులు తగ్గించిన ‘స్టాండర్డ్’ ఖాతాలో అయితే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది తెలిసిన మనిషిని పిలవాల్సిందే. మన డెల్టాలో బోదె నుంచి ఎవరి చేలోకి వారు నీరు పెట్టుకుంటారు, కాలువ మీద షట్టరు ఎత్తే పని మాత్రం లస్కరుదే. ఇదీ అంతే. ఎవరికైనా పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలన్న ఈ సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు 1975లోనే రాసిపెట్టారు.

ఇక పని. ముందుగా, ఇప్పటికే పాడైన యంత్రం మీద ఖాతాలు మార్చి లాభం లేదు. ఆ ఆటను తీసేయించి, అవసరమైతే విండోస్ మళ్లీ ఎక్కించి, ఆ తర్వాతే ఇది చేయండి. చాలామంది కొత్త స్టాండర్డ్ ఖాతా తెరిచి పాత ఫైళ్లన్నీ అందులోకి మోస్తారు. అంత శ్రమ వద్దు. తిరగేసి చేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో ‘అదర్ యూజర్స్’ దగ్గర కొత్త ఖాతా ఒకటి చేర్చండి. మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండానే చేర్చే వీలుంది. దానికి మంచి పాస్‌వర్డ్ పెట్టి, ‘చేంజ్ అకౌంట్ టైప్’లో అడ్మినిస్ట్రేటర్ చేయండి. ఒకసారి అందులోకి వెళ్లి, పాస్‌వర్డ్ పనిచేస్తోందని కళ్లారా చూసుకోండి. ఆ తర్వాత అక్కడి నుంచే మీవారి పాత ఖాతాను స్టాండర్డ్‌గా మార్చండి. ఆయన ఫైళ్లు, డెస్క్‌టాప్, ప్రింటర్ ఎక్కడివక్కడే ఉంటాయి. అబ్బాయికి మరో స్టాండర్డ్ ఖాతా. కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో మాత్రం మెయిల్ చూడకండి, ఇంటర్నెట్ తిరగకండి.

పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. పుస్తకంలో రాసి బీరువాలో పెట్టినా తప్పులేదు. పెట్టె వచ్చినప్పుడు ఒక్కటే అడగండి: ‘ఇప్పుడు ఏం ఎక్కిస్తున్నావు?’ జవాబు ఉంటే పాస్‌వర్డ్ కొట్టండి. ఎవరూ ఏమీ ఎక్కించకుండానే పెట్టె వచ్చిందంటే ‘నో’.

ఒక్క చోట చాలామంది దెబ్బతింటారు, అందుకే వివరంగా చెబుతున్నాను. డిస్కును సి, డి అని రెండుగా చీల్చి, ‘ముఖ్యమైనవన్నీ డిలో పెట్టుకోండి’ అని చెప్పడం అలవాటు. మీవారి లెక్కలూ అక్కడే ఉండి ఉంటాయి. సి డ్రైవ్‌లో ‘యూజర్స్’ కింద ఎవరి ఫోల్డర్ వారిదే. అబ్బాయి ఖాతా నుంచి తండ్రి ‘డాక్యుమెంట్స్’ తెరవబోతే అనుమతి లేదంటుంది. డి డ్రైవ్‌కు మామూలుగా ఆ కట్టడి ఉండదు. ఏ ఖాతా నుంచి వచ్చినా అక్కడి ఫైళ్లు తెరవవచ్చు, మార్చవచ్చు, చెరిపేయవచ్చు. ఖాతాలు ఎన్ని పెట్టినా లెక్కలు డిలో ఉంటే వీధి అరుగు మీద పెట్టినట్టే. ఆ ఫోల్డర్‌ను మీవారి ‘డాక్యుమెంట్స్’లోకి తరలించండి. లెక్కల ప్రోగ్రామ్‌కు కొత్త చోటు చూపించాల్సి రావచ్చు. దాన్ని అమర్చినవారిని అడిగి చేయించండి.

దీనితో అన్నీ ఆగవు. బ్రౌజర్‌కు తగులుకుని ప్రకటనలు కురిపించే చిన్నచిన్న తోకలు (ఎక్స్‌టెన్షన్లు) స్టాండర్డ్ ఖాతాలోకీ దూరగలవు, కాకపోతే ఆ ఒక్క ఖాతాకే పరిమితమవుతాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం వస్తే, ఏ ఖాతాలో నడిస్తే ఆ ఖాతా చేతికందే ఫైళ్లను అది పాడుచేస్తుంది. దానికి పాస్‌వర్డ్ పెట్టెతో పని లేదు. కాబట్టి లెక్కల ప్రతి ఒకటి బయటి డిస్కులో ఉండాలి, ప్రతి తీసుకోగానే డిస్కు ఊడదీయాలి. విండోస్ అప్‌డేట్లు ఆపకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీది అదే అయితే, యంత్రం తట్టుకోగలిగితే 11కు మారండి.

అబ్బాయిని మాత్రం దూరం పెట్టకండి. ఆ వయసులో యంత్రంతో కుస్తీ పడితేనే పని వస్తుంది. తన ఖాతాలో వాడు ఏం పాడుచేసుకున్నా, ఆ ఖాతా తీసేసి కొత్తది పెడితే సరిపోతుంది.

ప్రశ్న: రిటైరయ్యాను. కంప్యూటర్ నేనొక్కడినే వాడతాను. నాకూ రెండు ఖాతాలు కావాలా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: కావాలండీ. మీరు తెరిచే ప్రతి ఫైలూ మీ హక్కులతోనే నడుస్తుంది, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదానితో సంబంధం లేదు. పైన చెప్పిన పద్ధతే మీకూ. ఫోన్ చేసి ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఇది ఎక్కించండి’ అనేవారికి మాత్రం ఏ ఖాతా నుంచీ ఏమీ ఎక్కించకండి. దూరం నుంచి తెరను చూసే ప్రోగ్రాములు కొన్ని అడ్మినిస్ట్రేటర్ హక్కు లేకుండానే నడుస్తాయి. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.