అలిగినవారిని ఓదారుస్తారా, బుజ్జగిస్తారా?

సందేహం: పెళ్లిలో భోజనాల దగ్గర మర్యాద తక్కువైందని వియ్యపురాలు అలిగింది. ఆ సంగతి రాస్తూ “ఆడపెళ్లివారు ఆమెను ఓదార్చారు” అన్నాను. నాన్నగారు చదివి “ఓదార్చడం కాదమ్మా, బుజ్జగించడం” అన్నారు. మా అత్తయ్య “సముదాయించారు” అనాలంటారు. ఇవన్నీ ఒకటే కదా? అలాగే పత్రికల్లో సాంత్వన, స్వాంతన అని రెండు విధాలుగానూ కనిపిస్తోంది. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: ఒకటి కావమ్మా. ఎదుటివారి మనసులో ఉన్నది దుఃఖమా, కోపమా, అలకా అన్నదాన్ని బట్టి తెలుగులో క్రియ మారుతుంది. ఊరుకోబెట్టేవారికీ ఊరుకోవలసినవారికీ మధ్య పెద్దరికం ఎటువైపు ఉందన్నది ఆ తరవాత చూడాలి. ఈ రెండూ తేల్చుకుంటే ఏ మాట వాడాలో తెలిసిపోతుంది.

ఓదార్చడానికి అవతల దుఃఖం ఉండాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఓదారుస్తాం, పరీక్ష తప్పి ఏడుస్తున్న కుర్రవాణ్ణి ఓదారుస్తాం. మీ వాక్యం చదివినవారు వియ్యపురాలికి ఏదో కష్టం వచ్చింది కాబోలనుకుంటారు. కాబట్టి అక్కడ “ఓదార్చారు” కుదరదు.

ఓదార్పు, ఊరట, పరామర్శ అనే మూడింటినీ కలగలిపి రాయడం ఈ మధ్య ఎక్కువైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా, ఆ సందర్భాన్నే తీసుకుందాం. ముంపు ఇళ్లకు వెళ్లి బాగోగులు అడిగితే అది పరామర్శ. సర్వం పోయిందని ఏడ్చేవారి పక్కన కూర్చుని ధైర్యం చెబితే ఓదార్పు. నీళ్లు తీసి, కరెంటు వచ్చాక వాళ్లకు కలిగినది ఊరట. అంటే ఓదార్పు ఇచ్చేవారి పని, ఊరట పొందేవారి స్థితి. “హైకోర్టులో ఊరట” అని శీర్షిక పెట్టవచ్చు గాని “హైకోర్టులో ఓదార్పు” అంటే అర్థమే పాడవుతుంది. పరామర్శలో ఇంకో పొరపాటు ఉంది. “ప్రమాద మృతులను పరామర్శించారు” అని రాసేస్తున్నారు. పరామర్శించేది బతికున్నవారిని. మృతుల కుటుంబాలను పరామర్శించారు అనాలి. ఊరడించు అన్నది ఓదార్చుకు బాగా దగ్గరిది. తనంతట తాను తేరుకుంటే ఊరడిల్లడం.

ఇక మీ నాన్నగారి మాట. అలిగినవారి విషయంలో బుజ్జగించడం సరైన క్రియే. అయితే దానికి పసితనపు వాసన ఉంది. అన్నం తిననని మారాం చేసే పిల్లను బుజ్జగిస్తాం. పెద్దవారి గురించి వాడితే, వారు చిన్నపిల్లల్లా మొండికేశారన్న సూచన వాక్యంలోకి వచ్చేస్తుంది. నామినేషన్ల ఉపసంహరణ గడువు దగ్గరపడేసరికి రెబెల్ అభ్యర్థుల గురించి పత్రికలు “బుజ్జగింపుల పర్వం” అని రాసేది ఆ సూచన కావాలనే. అక్కడ మాట చక్కగా అతికింది. వియ్యపురాలి విషయంలో అది ఆమెకు చిన్నతనంగా తోచవచ్చు.

సముదాయించడంలో ఆ ఇబ్బంది లేదు. రేగిన కోపాన్నో గొడవనో మంచిమాటలతో సద్దుమణిగించడమే దాని పని. గుంటూరు మిర్చి యార్డులో ధర పడిందని రైతులు గేటు దగ్గర బైఠాయిస్తే అధికారులు వచ్చి సముదాయిస్తారు. అక్కడ “రైతులను బుజ్జగించారు” అని రాస్తే వారి కష్టాన్ని మారాం కింద జమకట్టినట్టే. విలేకరులు ఈ తేడా తప్పక పాటించాలి.

బతిమాలడంలో పెద్దరికం అటు తిరుగుతుంది. బుజ్జగించేవారు పైనుంచి చెయ్యి చాస్తారు, బతిమాలేవారు తాము తగ్గుతారు. పెళ్లిలో తగ్గవలసింది ఆడపెళ్లివారే అన్న పాత అలవాటు కొద్దీ “బతిమాలి బామాలి పంక్తిలో కూర్చోబెట్టారు” అనడం మన ఇళ్లలో వినిపించేదే. జరిగింది అదే అయితే ఆ మాటే రాయండి. అనునయించడం కూడా కోపగించినవారి విషయంలోనే వాడతారు, కాకపోతే అది పుస్తకాల మాట. కోపం పోయేలా మెల్లగా దారికి తెచ్చుకోవడమని దాని భావం. మీ ఉత్తరంలోని సందర్భానికి నేనైతే “వియ్యపురాలి అలక తీర్చారు” అంటాను. పెళ్లిళ్లలో అలకపాన్పు వేడుక ఉన్న జాతి మనది. అలకకు తీర్చడం అన్న క్రియ పుట్టుకతోనే జత అయినట్టుంటుంది. వ్యక్తిని కర్మగా చెప్పాలంటే మీ అత్తయ్యగారి “సముదాయించారు” మేలు.

విభక్తి దగ్గర కూడా జాగ్రత్త పడాలి. ఓదార్చు, బుజ్జగించు, సముదాయించు, బతిమాలు అన్నవి ద్వితీయను కోరతాయి: ఆమెను సముదాయించారు. నచ్చజెప్పు, సర్దిచెప్పు అన్నవాటిలో చెప్పడం ఉంది కాబట్టి “కు” రావాలి: ఆమెకు నచ్చజెప్పారు. “ఆమెను నచ్చజెప్పారు” తప్పు. శాంతించు విషయంలో మరీ మోసపోతారు. బుజ్జగించులాగే “ఇంచు”తో ముగిసినా అది అకర్మకం. ఆమె శాంతించింది, ఆమెను శాంతింపజేశారు. “పోలీసులు ఆందోళనకారులను శాంతించారు” అన్న వాక్యం నిలవదు. నామరూపాల్లో బుజ్జగింపు, సముదాయింపు, ఊరడింపు ఉన్నాయి కదా అని “ఓదార్చింపు” చేయకండి. దానికి ఓదార్పు ఉండనే ఉంది.

నొప్పికీ జ్వరానికీ ఉపశమనం అనాలి. దేవతలనైతే ప్రసన్నం చేసుకుంటాం. ఇంద్రకీలాద్రి మీది అమ్మవారిని ఎవరూ బుజ్జగించరు. ఒక పని కోసం పై అధికారిని మంచి చేసుకోవడం, దువ్వడం, కాకా పట్టడం ఈ కోవలోకి రావు. వాటిలో ఎదుటివారి బాధతో పని లేదు, సొంత లాభమే ముఖ్యం.

రెండో ప్రశ్న. సాంత్వన ఒప్పు, స్వాంతన తప్పు. స్వాంతం అనే సంస్కృత పదం వేరే ఉంది, దానికి మనస్సు అని అర్థం. మనసుకు ఊరట అన్న భావం దగ్గరగా ఉండటంతో, పలకడంలో “వ” ముందుకు జరిగి రెండు మాటలూ కలిసిపోయాయి. సాం–త్వ–న అని విడదీసి నాలుగుసార్లు పలికి చూడండి, వకారం “త” కింద ఉంటుందని గుర్తుండిపోతుంది. అమరకోశం సాంత్వాన్ని సామానికి పర్యాయంగా చెప్పింది. సామ దాన భేద దండోపాయాల్లో మొదటిదైన ఆ సామమే. అంటే సంస్కృతంలో కోపించినవారితో మంచిగా మాట్లాడటానికి కూడా సాంత్వం వర్తిస్తుంది. తెలుగులో మాత్రం సాంత్వన దుఃఖం వైపే స్థిరపడింది, అందువల్ల మీ వియ్యపురాలి కథలో దానికి చోటు లేదు.